కారం మీద నింద, బూజు మీద మౌనం

కడుపులో మంట వచ్చినా, నోట్లో పుండు లేచినా గుంటూరులో మొదటి నింద కారానిదే. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే చూడ్డానికి వచ్చిన చుట్టాలంతా అదే మాట: “ఆ కారాలూ, ఆ పచ్చళ్లూ తగ్గించమంటే విన్నారా?” క్యాన్సర్ కారకాలను వర్గాలుగా విడదీసేది ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉన్న ఐఏఆర్‌సీ. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం. దాని మొదటి వర్గం, అంటే క్యాన్సర్ తెస్తాయని గట్టిగా రుజువైన వాటి జాబితాలో మిరపకాయ ఘాటు లేదు. అందులో ఉన్నవి మాత్రం మన ఇళ్ల చుట్టూనే గుట్టుగా తిరుగుతున్నాయి: మిరపకాయకు, వేరుశనగకు పట్టే బూజు విషం, భోజనమయ్యాక బుగ్గన పెట్టుకునే వక్క, శనివారం రాత్రి మందు.

అలాగని మొదటి వర్గంలో ఉన్నవన్నీ ఒకే గాటన కట్టకూడదు. 2015 అక్టోబరులో సాసేజీ, సలామీ, బేకన్ లాంటి నిల్వ మాంసాన్ని ఆ వర్గంలో చేర్చినప్పుడు, సిగరెట్టూ సాసేజీ ఒకటేనన్న ప్రచారం బాగా సాగింది. వర్గం చెప్పేది రుజువు ఎంత గట్టిగా ఉందన్న సంగతి. హాని ఎంతన్నది వేరే లెక్క. రోజూ 50 గ్రాముల నిల్వ మాంసం తినేవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుంది. నూటికి ఇద్దరికి వచ్చే జబ్బు అనుకుంటే ఆ రెండు 2.36 అవుతుంది. పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరిగేది శాతాల్లో కాదు, రెట్లలో.

మేక, పొట్టేలు మాంసం దీనికంటే ఒక మెట్టు కింద, 2ఏ వర్గంలో ఉన్నాయి. వండిన మాంసం వారానికి 350 నుంచి 500 గ్రాములు దాటకపోతే మంచిదని వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ సలహా. ఆదివారం కిలో మటన్ తెచ్చి నలుగురు తింటే, ఎముకలు పోను, ఉడికి తగ్గిపోను మనిషికి అటూ ఇటూగా 125 గ్రాములు వస్తుంది. వారానికొకసారి తినే ఇల్లు దీని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. కోడి, చేప ఈ లెక్కలోకే రావు. మాంసం బొగ్గుల మీద నల్లగా మాడితే ఆ మాడిన చోట హానికర పదార్థాలు పుడతాయి, దాన్ని గీకి పారేస్తే సరి. పులుసులో ఉడికిన కూరకు ఆ బెడద లేదు.

టిక్కీలోకి ఎక్కే తేమ

ఇక అసలు సంగతి బూజు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తేమ, వేడి కలిసిన చోట పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. కాలేయ క్యాన్సర్‌కు అది కారణమని రుజువై దశాబ్దాలు దాటింది. కాలేయంలో అది జన్యుపదార్థానికి అతుక్కుని, క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 జన్యువును ఒక నిర్దిష్టమైన చోట చెడగొడుతుంది. కాలేయ కణితిలో ఆ గుర్తు కనిపిస్తే అఫ్లటాక్సిన్ అక్కడ పనిచేసిందని అనుమానించేంత ప్రత్యేకమైన గుర్తు అది. హెపటైటిస్ బి ఉన్నవారిలో ఈ విషం దాదాపు 30 రెట్లు బలంగా పనిచేస్తుంది. కాబట్టి పుట్టిన బిడ్డకు తొలి రోజే వేసే హెపటైటిస్ బి టీకా కూడా ఒక రకంగా ఆహార భద్రతలో భాగమే.

చెట్టు నుంచి కోసిన పండు మిరపకాయలో మూడొంతులకు అటూ ఇటూగా నీరే ఉంటుంది. కళ్లంలో ఆరబెట్టి దాన్ని 10, 11 శాతానికి దించాలి. ఈ పది పదిహేను రోజుల్లోనే బూజుకు దారి దొరుకుతుంది. కాయను వట్టి నేల మీద పోస్తే కింద తేమ ఆరదు. సాయంత్రం పట్టా కప్పకపోతే రాత్రి మంచు దిగుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలాంటి అకాల వర్షం పడితే ఎర్రటి కాయ కూడా లోపల నల్లబడుతుంది. వీటికి తోడు, టిక్కీల్లో, అంటే మిరపకాయల గోనె బస్తాల్లో తొక్కేటప్పుడు కాయ విరగకూడదని ముందుగా నీళ్లు చిలకరించే అలవాటు ఒకటుంది. పదిహేను రోజులు ఎండబెట్టి దించిన తేమను ఒక్క పూటలో తిరిగి ఎక్కించడమే అది. ఆ తేమ టిక్కీ నడిబొడ్డున చిక్కుకుని అక్కడే వేడెక్కుతుంది.

బూజు బయటికి కనబడకపోవడమే దీనితో వచ్చిన చిక్కు. ముచ్చిక దగ్గర మొదలై లోపలి గింజల మీదికి పాకుతుంది. ఏడాదికి సరిపడా కాయ కొనే ఇళ్లు మార్చి, ఏప్రిల్‌లో చేయాల్సిన పని ఇది. కిలోకు పది, పదిహేను కాయల చొప్పున అక్కడక్కడి నుంచి తీసి నిలువునా చీల్చి చూడాలి. గింజల చుట్టూ బూడిద రంగు, నలుపు, పచ్చటి పొడి కనిపిస్తే ఆ మూట వద్దు. ఎండిన కాయ ఊపితే గింజలు గలగలమంటాయి, వంచితే పుటుక్కున విరుగుతుంది. వంగిపోయే కాయ ఇంకా తడిగా ఉన్నట్టు. వాసన కూడా చెబుతుంది: మంచి కాయకు ఘాటు వాసన, చెడ్డదానికి తడిగోడ వాసన. తెల్లబారిన తాలు కాయ ప్రతిదీ విషం కాదు, కానీ బూజు పట్టినవి ఎక్కువగా దొరికేది అందులోనే. మిర్చి యార్డులో తాలుకు వేరే ధర ఉన్నది ఊరికే కాదు. విడి కారప్పొడి మరీ చవగ్గా వస్తోందంటే అందులో ఏ కాయ నలిగిందో ఇక చూసే దారి లేదు.

కొన్న కాయకు ముచ్చికలు తీసి డాబా మీద రెండు రోజులు ఎండ తగలనివ్వాలి. మిల్లు నుంచి తెచ్చిన కారం వెచ్చగా ఉంటుంది. దాన్ని పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి. వేడిగా ఉండగా మూత పెడితే మూత లోపల చెమ్మ పట్టి కారం మీదికే కారుతుంది. ఏడాది కారం ఒకే జాడీలో ఉంచి రోజూ తెరవడం కంటే, నెలకు సరిపడా చిన్న డబ్బాలోకి తీసుకుని పెద్దదాన్ని మూసేయడం మేలు. పొయ్యి పక్కన ఆవిరి తగిలే గూట్లో కారం డబ్బా పెట్టకూడదు. కూర కలిపిన తడి గరిటె దానిలో పెట్టనే కూడదు. కారంలో ఉండకట్టిన చోట వేలితో నలిపి సర్దేయడం మనకు అలవాటు. ఉండ అంటే అక్కడ తేమ చేరిందని.

రంగు కల్తీ గురించి ఒక మాట. గ్లాసు నీళ్లలో కారం చల్లి, రంగు చారలుగా దిగితే కల్తీ అనుకోవడం చాలామందికి తెలిసిన పరీక్ష. అది నీళ్లలో కరిగే రంగులకే పనికొస్తుంది. 2003లో ఐరోపాలో భారత్ కారంలో బయటపడి పెద్ద గొడవైన సూడాన్ 1 నూనెలో కరిగే రంగు. నీళ్ల పరీక్షలో అది దొరకదు. కాయ కొని మిల్లులో ఆడించుకోవడమే దీనికి చవకైన మందు.

పల్లీ చట్నీ లెక్క

మసాలా దినుసుల్లో మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశపు ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. ఐరోపాలో అది 10. అక్కడికి పంపే సరుకు వెనక్కి రావడానికి తరచు కారణం ఈ తేడానే. మరి నేరుగా తినే వేరుశనగకు మన పరిమితి 10 మాత్రమే ఎందుకు? తినే మోతాదు వల్ల. రోజుకు 10 గ్రాముల కారం తింటే, అది పరిమితి అంచునే ఉన్నా, లోపలికి వెళ్లేది 0.3 మైక్రోగ్రాములు. 50 గ్రాముల పల్లీలు పరిమితి అంచున ఉంటే 0.5. ఇడ్లీలోకి చట్నీ, సాయంత్రం వేపుడు పల్లీలు, కూరలో పల్లీ పొడి కలిస్తే 50 గ్రాములు పెద్ద మోతాదేం కాదు. కాబట్టి కారం కంటే ఎక్కువ జాగ్రత్త పల్లీల దగ్గర కావాలి. జరిగేది మాత్రం తలకిందులు.

వేరుశనగలో విషం అన్ని గుళ్లలో సమానంగా పరుచుకోదు. కొన్ని గుళ్లలో విపరీతంగా ఉండి, మిగతావాటిలో దాదాపు ఉండదు. అందుకే ఏరడం అంత బాగా పనిచేస్తుంది. చేటలో పోసి ముడతలు పడ్డవి, రంగు మారినవి, మొలకెత్తినవి, పగిలి లోపల పసుపు, పచ్చ పొడి ఉన్నవి తీసేస్తే విషంలో పెద్ద వాటా పోతుంది. వేయించడం దాన్ని కొంతే తగ్గిస్తుంది, మామూలు వంట వేడికి మిగతాది చెక్కుచెదరదు. తింటుంటే చేదు గుండు తగిలితే మర్యాదకు మింగకుండా ఉమ్మేయాలి. ఏరిపారేసిన గుళ్లను గేదె కుడితిలో వేయడం కూడా తప్పే. ఆ విషం అఫ్లటాక్సిన్ ఎమ్1 అనే రూపంలో పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. పాలలో దాని పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములే.

గానుగ నూనె మోజు ఇక్కడ ఒక చిక్కు తెచ్చిపెట్టింది. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేసి, మట్టితో రంగు తీసేటప్పుడు అఫ్లటాక్సిన్ కూడా చాలావరకు పోతుంది. గానుగలో ఆ దశలు లేవు. ఏరని గుళ్లు ఆడిస్తే విషంలో కొంత వాటా నూనెలో మిగులుతుంది, ఎక్కువ భాగం నూనె తీశాక మిగిలే చెక్కలో ఉండి పశువు దగ్గరికి పోతుంది. గానుగ నూనే కావాలంటే గుళ్లు కొని, ఇంట్లో ఏరి, దగ్గరుండి ఆడించుకోవాలి. వీలుకాకపోతే రిఫైన్డ్ నూనె వాడినందుకు సిగ్గుపడాల్సిన పనిలేదు.

వరదలప్పుడు ఇంకో పరీక్ష వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగినప్పటిలా ఇంట్లోకి నీళ్లు వస్తే, తడిసిన పప్పులు, పల్లీలు, కారం ఎండబెట్టుకుంటే మళ్లీ పనికొస్తాయనిపిస్తుంది. ఎండకు బూజు చస్తుంది కానీ అది అప్పటికే వదిలిన విషం అలాగే ఉంటుంది. కడుపు మండినా పారేయాల్సిందే.

జాడీలో ఉప్పు

ఆవకాయ జోలికి వెళ్లేముందు ఒక అపోహ తీసేయాలి. ఐఏఆర్‌సీ 2బి వర్గంలో చేర్చిన ‘ఊరబెట్టిన కూరగాయలు’ తూర్పు ఆసియా పద్ధతిలో పులియబెట్టినవి. ఆవపిండి, కారం, నూనె వేసిన ఆవకాయ అది కాదు. ఆవకాయ మీద పెట్టదగిన అభియోగం ఒకటే, ఉప్పు. ఉప్పుతో నిల్వ చేసిన ఆహారం ఎక్కువైతే జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందన్న ఆధారాలు బలంగా ఉన్నాయి. గాఢమైన ఉప్పు పొట్ట లోపలి జిగురు పొరను దెబ్బతీస్తుంది. అప్పటికే హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియా ఉన్నవారిలో ఆ గాయం త్వరగా మానదు. ఫ్రిజ్‌లు వచ్చి ఉప్పు నిల్వలు తగ్గిన దేశాల్లో ఈ క్యాన్సర్ కూడా తగ్గుతూ వచ్చింది.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నిల్వ పచ్చడి బరువులో పదోవంతుకు పైగా ఉప్పే. 20 గ్రాముల ముద్దపచ్చడి అంటే రెండు గ్రాములు అక్కడే చెల్లు. ఆ తర్వాత పప్పు, పులుసు, రెండు అప్పడాలు, పెరుగన్నంలోకి ఊరమిరపకాయలు, మళ్లీ చిటికెడు ఉప్పు వేసిన మజ్జిగ. పళ్లెం ముందు నుంచి లేచేసరికి రోజు కోటా అయిపోతుంది, రాత్రి భోజనం ఇంకా మిగిలే ఉంది.

అలాగని ఏడాది జాడీలో ఉప్పు తగ్గించడం తెలివైన పని కాదు. ఉప్పు చాలకపోతే పచ్చడి మీద తెల్లటి పొర కట్టి బూజు లేస్తుంది. దాన్ని పైపైన తీసేసి తినడం అసలుకే మోసం. దారులు రెండు. జాడీని పాత కొలతతోనే పెట్టి రోజుకొక చిన్న చెంచాతో సరిపెట్టడం, లేదా సగం ఉప్పుతో నెలకు సరిపడా కొద్దిగా కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం. గోంగూర పచ్చడిని అప్పటికప్పుడు నూరుకుంటే ఉప్పు మన చేతిలోనే ఉంటుంది, పైగా అదే గోంగూర పీచు కూడా ఇస్తుంది.

బజ్జీల బండి దగ్గర హాని బజ్జీలో కంటే మూకుడులో ఎక్కువ. నూనె పదేపదే కాగి చెడిపోయే కొద్దీ అందులో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం లేదు కాబట్టి కంటితో చూడాలి: నూనె నల్లబడి జిగటగా మారడం, నురగ తగ్గకపోవడం, మామూలు కంటే ముందే పొగ రావడం. ఒకసారి కాగిన నూనెను వడగట్టి రెండు మూడు రోజుల్లో తాలింపులకు వాడేయాలి, కొత్త నూనెలో కలపకూడదు. పెద్ద మంట మీద వేపుడు చేసేటప్పుడు వచ్చే పొగ కూడా 2ఏ వర్గంలోనే ఉంది. వెనక కిటికీ తెరిచి ఉంచడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం తినేవారి కంటే వండేవారికి అవసరం. టీ గురించి కూడా ఇక్కడే: 65 డిగ్రీలు దాటిన వేడితో తాగే పానీయాలు అన్నవాహిక క్యాన్సర్ విషయంలో అనుమానాస్పదం. తప్పు టీది కాదు, వేడిది. గ్లాసులో నుంచి గ్లాసులోకి రెండు సార్లు తిరగబోసుకుంటే తీరిపోయే సమస్య.

కారం తినలేకపోవడం ఎప్పుడు మొదలైంది

పొగాకు లేకుండా ఒట్టి వక్క కూడా క్యాన్సర్ కారకమేనని 2004లోనే ఐఏఆర్‌సీ తేల్చింది. అయినా వక్కపొడిని అరుగుదల కోసం వేసుకునే మంచి వస్తువుగానే చూస్తాం, పెళ్లి భోజనం తర్వాత పిల్లల చేతికీ ఇస్తాం. వక్కలోని పదార్థాలు బుగ్గ లోపలి చర్మం కింద నారలాంటి కణజాలాన్ని పెంచుతాయి. బుగ్గలు బిగుసుకుని నోరు తెరవడం తగ్గుతూ వస్తుంది. ఈ స్థితి కొందరిలో నోటి క్యాన్సర్‌గా మారుతుంది.

దీని తొలి లక్షణం కారం తగిలితే నోరు భగ్గుమనడం. నిన్నటిదాకా తిన్న కూరే ఇవాళ తినలేకపోతే గుంటూరు మనిషి చేసే పని కారం తగ్గించుకోవడం. వక్క మాత్రం సాగుతూనే ఉంటుంది. మూడు వేళ్లు నిలువుగా పెడితే నోటిలో పట్టాలి. రెండే పడుతున్నా, బుగ్గ లోపల తెల్లటి మచ్చలు కనిపిస్తున్నా, పుండు రెండు మూడు వారాలకు మానకపోయినా దంత వైద్యుల దగ్గరికి వెళ్లాలి. కారం అక్కడ నేరస్తుడు కాదు, సాక్షి.

మందు సంగతి చిన్నదే, కానీ మొహమాటం లేకుండా చెప్పాలి. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవారిలో రొమ్ము: ఏడు చోట్ల క్యాన్సర్‌కు మద్యం కారణం. విస్కీ, బీరు, కల్లు అన్న తేడా లేదు, లెక్క అందులోని ఆల్కహాల్‌ది. సిగరెట్టు తోడైతే నోరు, గొంతు విషయంలో రెండు ముప్పులూ కూడుకోవు, గుణించుకుంటాయి.

పళ్లెంలో లేనిది

ఇప్పటిదాకా చెప్పినవి ఎక్కువైనవి. తక్కువైంది పీచు. 1986లో విడుదలై దేశమంతా పాకిన సాంబా మసూరి, బీపీటీ 5204, మన బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన వంగడమే. సన్నం, రుచి, వంక పెట్టలేం. పాలిష్ పట్టాక మాత్రం 100 గ్రాముల బియ్యంలో మిగిలే పీచు 3 గ్రాముల లోపే. రెండు పూటలా కలిపి 300 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కందిపప్పు, కాస్త కూర తింటే పీచు 17 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. 2,000 కేలరీలు తినేవారికి కావలసింది 30. పీచు రోజుకు 10 గ్రాములు పెరిగిన కొద్దీ పెద్దపేగు క్యాన్సర్ ముప్పు దాదాపు 10 శాతం తగ్గుతుందని అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. పీచును పేగులోని బాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్‌ను తయారుచేస్తుంది, అది పేగు గోడ కణాలకు ఆహారం. మలం కూడా పేగులో ఎక్కువసేపు నిలవదు.

లోటు పూడ్చడానికి ఓట్స్ కొననక్కర్లేదు. రాత్రి 100 గ్రాముల బియ్యం బదులు జొన్న రొట్టె తింటే 7 గ్రాములు పెరుగుతుంది. పొద్దున ఇడ్లీ బదులు పొట్టుతో నానబోసిన పెసలతో పెసరట్టు వేసుకుంటే, 50 గ్రాముల పెసలకు 8 గ్రాములు. ఒక జామకాయ ఇంకో 8. ఈ మూడింటిలో ఏ రెండు చేసినా 30 దాటుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజుకు ఆకుకూరలు, కూరగాయలు కలిపి 400 గ్రాములు, ధాన్యం 250 గ్రాములే. మన పళ్లెంలో ఈ రెండు అంకెలూ తారుమారై ఉన్నాయి. కూర అన్నంలోకి నంజుకునేది కాకుండా, అన్నం కూరలోకి కలుపుకునేది కావాలి.

అన్నం కొండ తగ్గితే నడుమూ తగ్గుతుంది. అధిక బరువు 13 రకాల క్యాన్సర్లతో ముడిపడి ఉందని 2016లో ఐఏఆర్‌సీ ప్రకటించింది. కొవ్వు కణజాలం ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తుంది కాబట్టి నెలసరి ఆగిన ఆడవారిలో రొమ్ము, గర్భాశయ క్యాన్సర్లకు ఈ లంకె మరింత బలం. టేపుతో బొడ్డు దగ్గర కొలిస్తే మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. ప్యాంటు సైజు నమ్మొద్దు, అది బొజ్జ కిందికి జారి కూర్చుంటుంది.

ఇక అద్భుతాల విషయం. లక్ష్మణ ఫలం కీమో కంటే గొప్పదన్న వాట్సాప్ కథకు మనుషుల మీద చేసిన పరీక్షల ఆధారం లేదు. అందులోని అనోనాసిన్ నరాలకు హాని చేస్తుందన్న అనుమానం మాత్రం ఉంది. పసుపు కూరలో చిటికెడు బాగుంటుంది, మాత్రల్లో గ్రాములకొద్దీ మింగితే కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి. కూరగాయల్లో మేలు చేసే పదార్థాన్ని మాత్రగా మార్చితే ఏమవుతుందో 1994లో ఫిన్లాండ్ పరీక్షలో తేలింది. పొగతాగేవారికి బీటా కెరోటిన్ మాత్రలు ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. క్యారట్ తిన్నవారికి జరగనిది మాత్ర మింగినవారికి జరిగింది.

జబ్బు వచ్చాక భయం ఇంకో మలుపు తిరుగుతుంది. చక్కెర క్యాన్సర్‌ను పెంచుతుందని తీపి మానేయడం, పాలు, గుడ్డు, మాంసం ‘వేడి’ అని ఆపేయడం, గోధుమగడ్డి రసంతో రోజులు నెట్టడం. చికిత్సలో ఉన్న మనిషికి అప్పుడు కావలసింది బరువు నిలబడటం. కీమో సాగుతున్నన్నాళ్లూ రోజూ పప్పు, పెరుగు, బాగా ఉడికిన గుడ్డో చేపో పళ్లెంలో ఉండాలి. నోరు పూసి ఉంటే కారం పక్కన పెట్టి, చల్లటి పెరుగన్నం మెత్తగా పిసికి కొద్దికొద్దిగా ఆరుసార్లు పెట్టాలి. వారానికొకసారి ఒకే కాటా మీద బరువు చూసి రాసుకోవాలి. 60 కిలోల మనిషి 57కు దిగితే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి.